విత్తనమునకు విడిచిన గడ్డ

ధ్యానమునకు: యోహాను 12:24, 2 తిమోతి 2:2



ఇంగ్లండు దేశమందు యార్క్‌షైరులో హారోగేట్ పేరిట యేటేట ఒక శరత్కాల పుష్పప్రదర్శనము జరుగును. అక్కడ పువ్వులేగాక కూరగాయలను గూడ త్రాసులో పెట్టి బహుమతులిత్తురు. 2023 సెప్టెంబరులో ఆ త్రాసునకెక్కిన ఒక ఉల్లిపాయ 8.97 కిలోలు తూగి ప్రపంచమునకే పెద్దదిగా నమోదైనది. పెంచినవాడు గెర్న్సీ ద్వీపవాసి. దానిని ఎత్తుట యనగా ఏడాది బిడ్డను చంకకెత్తుకొనుటే. ఐగుప్తులోని ఉల్లిని తలచుకొని అరణ్యములో ఏడ్చిన ఇశ్రాయేలీయులు (సంఖ్యా. 11:5) దీనిని చూచినయెడల ఏమనియుందురో!

ఇంతటి గడ్డయు మిరియము కంటె చిన్నదైన నల్లని విత్తనమునుండి వచ్చినదే. ఒక గ్రాము తూకమునకు అట్టి గింజలు సుమారు 250 వచ్చును. క్రిస్‌మసు దినములలో, బయట మంచు కురియుచుండగా, అద్దాల యింటిలో వెచ్చదనమిచ్చి విత్తుట ఆ దేశపు పాత వాడుక. ఇప్పటివారు కొందరు అంతకు ముందే విత్తి విద్యుద్దీపములు పెట్టుచున్నారు. మొలక మెడ వంచుకొని పైకి వచ్చును. పిమ్మట గింజ పొట్టును తలపై మోసికొనుచు నిటారుగా నిలుచును. అది మొదలు ఎన్నో నెలలవరకు గడ్డ మాట లేదు. తోటవాడు ఆకులనే పెంచును. ఏలయనగా ఒక్కొక్క ఆకు మొదలే ఉల్లిలో ఒక్కొక్క పొర యగును. పగటి కాలము తగినంత పొడవైనప్పుడు మొక్క గడ్డ ఊరుటకు మొదలుపెట్టును. ఆ దినమునాటికి ఎన్ని ఆకులు సిద్ధముగా నున్నవో అన్ని పొరలే.

మనవారెవరైన ఆ విత్తనము తెప్పించి కర్నూలు పొలములో చల్లినయెడల ఏమగును? నడి వేసవిలో యార్క్‌షైరున పగలు సుమారు 17 గంటలు; కర్నూలులో సుమారు 13 గంటలే. కనుక కాడలు ఏపుగా పెరుగునేగాని గడ్డ ఊరదు. మన నేలకు మన ఉల్లియే తగినది. ఈ మాట ప్రక్కదారి పట్టినను చెప్పక పోలేకపోతిని. పరదేశపు సంఘముల కొలతబద్దతో మన సంఘములను కొలుచువారున్నారు గదా.

సరే, తూచుట అయినది, చప్పట్లు కొట్టుట అయినది. ఆ గడ్డను ఇక ఏమి చేయవలెను? నీరు మెండుగానుండు ఆ పెద్ద గడ్డలు చిరకాలము నిలువవు. చూపునకుంచిన మెత్తబడి క్రుళ్లును. కోసి వండుకొనవచ్చును, అందులో తప్పులేదు. మూడవ మార్గము ఒకటి కలదు. మేలైన గడ్డను తినక దాచి, మరుసటి యేట మరల మంటిలో పెట్టుట. మన రైతులును విత్తనమునకు మంచి గడ్డలనేరి అట్లే నాటుదురు. ఉల్లి మొదటి యేట గడ్డ వేసి, రెండవ యేట పూయును. బోలుగానుండు కాడలు పైకి లేచి, వాటి కొనను గుండ్రని తెల్లని పూబంతి విచ్చును, తేనెటీగలు మూగును. క్రింద గడ్డ మాత్రము నానాటికి వడలి, పొర తరువాత పొర కరగిపోవుచుండును. గింజ ముదిరిననాటికి త్రవ్వి చూచిన పొట్టు తప్ప పెద్దగా ఏమియు మిగులదు.

ఇంకొక సంగతి. ఉల్లి విత్తనమునకు ఆయుస్సు తక్కువ. సామాన్యముగా దాచినచో ఒకటి రెండేండ్లకు మించి నమ్మరాదు. ఇతర గింజలవలె కుండలో పోసి ఎప్పటికో అక్కరకు వచ్చునని ఊరకుండుటకు వీలులేదు. గడ్డనుండి గింజకు, గింజనుండి గడ్డకు, బలమును వేళ మించకుండ అప్పగించుచునే యుండవలెను.

పెద్దగా పెరుగుట తప్పా యని కొందరు నన్నడుగుదురు. కాదనియే నా తలంపు. సరిగా ఊరని గడ్డనుండి మేలైన విత్తనము రాదు. ప్రశ్న పెరిగిన తరువాతిది. దేవుడిచ్చిన నేర్పుతో ఎదిగినవాడు ఆ యెదుగుదలను ఎవరి సొత్తుగా ఎంచుచున్నాడు?

ఈ ప్రశ్న వ్రాయుటకు నాకు సిగ్గుగానున్నది. మా సంఘములో ఆదివారపు బడిని నేను 19 సంవత్సరములు నడిపితిని. పాటలు, వాక్య కంఠస్థము, క్రిస్‌మసు నాటిక, అన్నియు నా చేతిమీదుగానే జరుగవలెను. నా క్రింద బోధించిన ఒక యౌవనస్థురాలు ఒకనాడు, "మాస్టారూ, ఈ యేడు నాటిక నేను నేర్పించనా?" అని అడిగినది. "వచ్చే యేడు చూద్దాంలే అమ్మా," అంటిని. మరుసటి యేడును అడిగినది, నేనును అదే మాట అంటిని. మూడవ యేడు ఆమె అడుగలేదు. పిమ్మట వివాహమై వేరొక ఊరికి వెళ్లినది. తరువాత నేను జబ్బుపడి ఐదు ఆదివారములు మంచము దిగలేకపోయినప్పుడు, పిల్లలు బడికి వచ్చి, తలుపు తీయువారు లేక మరలిపోయిరట. తాళపుచెవి నా దిండు క్రిందనే యుండెను. ఇంతకాలము నా సేవ ఎంత గొప్పదో యని పొంగుచుంటిని. ఆ దినమున అది త్రాసులోని గడ్డవలె కనబడినది.

పౌలు తిమోతికి వ్రాసినప్పుడు, తనయొద్ద విన్నవాటిని నమ్మకమైనవారికి అప్పగింపుమని, వారు ఇతరులకు బోధింతురని చెప్పెను. ఒక్క మాటలో నాలుగు తరములున్నవి. అప్పగించినవాడు తన చేతిలో ఖాళీని ఓర్చుకొనవలెనని అక్కడ వ్రాయబడలేదు గాని, ఓర్చుకొనక తప్పదు. బాప్తిస్మమిచ్చు యోహాను, అందరు క్రీస్తునొద్దకు వెళ్లుచున్నారని విని, తాను తగ్గవలసియున్నదని సంతోషముతో ఒప్పుకొనెను (యోహాను 3:29, 30). ఆ సంతోషము నాకింకను పూర్తిగా రాలేదని దాచక చెప్పుచున్నాను. "వీరింకను సిద్ధముగా లేరు" అని నా మనస్సు నేటికిని అనుచుండును. వారు సిద్ధపడుటకు తావు ఇయ్యనిది నేనే గదా!

ఈ సంవత్సరము జూను మొదటి ఆదివారమున హాజరుపట్టీని, తాళపుచెవిని ఇద్దరు యౌవనస్థుల చేతికిచ్చి, వెనుక బల్లమీద కూర్చుంటిని. వారు పాటను మిక్కిలి హెచ్చు శ్రుతిలో ఎత్తిరి; రెండవ చరణమునకు పిల్లల గొంతులు అందలేదు. నా చేయి పైకి లేవబోయినది. దానిని బైబిలు క్రింద పెట్టుకొంటిని. పిల్లలు నవ్విరి, ఆ యిద్దరును నవ్వి, మరల తగ్గించి ఎత్తిరి.