అర్థించు హస్తము

తనకొఱకు చేయి చాచుట దైన్యము. పరులకొఱకు చాచుట సేవ. కాని ఈ సేవయందును ఒక ప్రమాదము కలదు.

మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో ఢిల్లీయందు ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్ల నొసగు బాధ్యతను వహించిరి. 2022లో ప్రభుత్వము ఆ మండలిని మూసివేసెను. నేడు, 2013 నాటి చట్టము ననుసరించి, పెద్ద కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సామాజిక కార్యములకు వెచ్చింపవలెను.

దాతలు మారుదురు, వారి అభిరుచులును మారును. వానికి తగినట్లు తన పనిని మార్చుకొను సంస్థ ధనమును పొందవచ్చును గాని, బస్తీలో తనకై ఎదురుచూచు బిడ్డను మరచును. కావున అర్జీ వ్రాయుటకు ముందు సేవకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: ఈ ధనము రాకున్నను, శక్తికొలది ఈ పని చేయుదునా? చేయుదునన్నవాడే అడుగుటకు అర్హుడు.