పోయబడువాని సంతోషము

సంతోషము కొరకు చేయు సేవ నిస్స్వార్థ సేవ యగునా? పరులకు మేలు చేసినచో తనకు ఆనందము కలుగునని విని, ఆ ఆనందమును ఆశించియే ఒక విశ్వాసి రోగిని చూడబోయినయెడల, అతడు చూడబోయినది రోగినా, తన ఆనందమునా? సేవించుము, సంతోషింతువు అనుమాట ప్రసంగపీఠములనుండి తరచుగా వినబడుచుండును. మాట నిజమే. అయినను దానిని జీతపు ఒప్పందమువలె గ్రహించినవాడు నెల గడవకముందే లెక్క చూచుకొని నిరాశపడును.

జీతమును లెక్కయు బాగుగా తెలిసిన ఊరు భిలాయి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశముతో జరిగిన ఒప్పందమువలన అచ్చట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. దల్లీ రాజ్‌హరా గనుల ఇనుపరాయి అచ్చట కరగి, రైలుపట్టాలై దేశమంతట పరచబడినది. నిర్మాణకాలమునుండియు తెలుగువారు, విశేషముగా ఉత్తరాంధ్రమువారు, కూలీలుగను నిపుణులుగను వచ్చి స్థిరపడిరి. వారిలో క్రైస్తవులును ఉండిరి.

పరాయిచోట మాతృభాషలో పాడు కీర్తన ఎంత మధురమో ఊరు విడిచినవారికే తెలియును. ఆ మాధుర్యములోనే ఒక అపాయమున్నది. షిఫ్టులనుబట్టి కూడుకొనుట, పండుగకు కొత్త బట్టలు, స్వగ్రామపు కబుర్లు, తెలుగు వంట: ఇవన్నియు మంచివే. ఐతే గోడకు ఆవల ఛత్తీస్‌గఢీ కుటుంబములో ఎవరు మంచము పట్టిరో తెలియని సంఘము, పేరునకు సంఘమే గాని, నిజమునకు కీర్తనల పుస్తకము చేతబట్టిన ఆంధ్ర సమాజము. అట్టివారు తాము పొందునది క్రీస్తునందలి సంతోషమే అని తలంతురు. అది ఊరి బెంగ తీరుటవలన కలిగిన ఊరట మాత్రమే కావచ్చును.

లూకా సువార్త 10వ అధ్యాయములో డెబ్బదిమంది శిష్యులు సేవనుండి ఉల్లసించుచు తిరిగివచ్చిరి. దయ్యములును తమకు లోబడినవి గదా! ప్రభువు వారి సంతోషమును గద్దింపలేదు. దాని చోటు మార్చెను. లోబడినవానిని గూర్చి గాక, తమ పేరులు పరలోకమందు వ్రాయబడియుండుటను గూర్చి సంతోషింపుమనెను. ఏలయనగా సేవా ఫలితముపై కట్టిన సంతోషము, ఫలితము లేని దినమున కూలిపోవును. పేరు వ్రాయబడియుండుట సేవకు ముందే జరిగిన సంగతి. సేవకుడు ఆనందమును తెచ్చుకొనుటకు పోడు; ఉన్నదానిని మోసికొని పోవును. మొదట అడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరము ఇచ్చటనే ఉన్నది.

దీనికి దృష్టాంతము భిలాయి ప్రాంతముననే కలదు. రాయపూరునుండి బిలాసపురమునకు పోవు త్రోవలో బైతల్‌పూరువద్ద చందఖురీ కుష్ఠరోగుల ఆశ్రమము 1897లో ఆరంభమయ్యెను. ఆనాడు కుష్ఠునకు నమ్మదగిన మందు లేదు. చాల్‌మూగ్రా నూనె వాడిరి గాని, డాప్సోను వాడుకలోనికి వచ్చినది 1940వ దశకముననే. అనగా సుమారు అర్ధశతాబ్దము, బాగుచేయలేమని తెలిసియే అచ్చటివారు పుండ్లు కడిగి కట్లు కట్టిరి. స్వస్థపడినవారి సంఖ్యయే సంతోషమునకు ఆధారమైనచో ఆ ఆశ్రమము పదియేండ్లైనను నిలిచెడిది కాదు.

సాక్ష్యము విషయమును అట్టిదే. 1857 తిరుగుబాటు కాలమున రాంచీలోని గోస్నర్ మిషను దోపిడి పాలయ్యెను. అందు పనిచేసిన జర్మను దేశస్థుడు ఆస్కార్ లోర్ అమెరికా చేరి, 1868లో మరల ఈ దేశమునకు వచ్చి, రాయపూరు ప్రాంతమున బిస్రాంపూరును స్థాపించెను. సత్నామీలు విగ్రహములను విడిచి ఒకే దేవుని సత్యనామమును స్మరించువారు గనుక, జనమంతయు ఒక్కుమ్మడిగా క్రీస్తునొద్దకు వచ్చునని అతడు ఆశించెను. వారును మొదట ఆదరించిరి. 1870లో తొలి బాప్తిస్మములు జరుగగానే ఆదరము విరోధముగా మారెను. అనుకొన్న కోత చేతికి రాలేదు. అతడు మాత్రము ఊరు విడువలేదు.

ఈ నేలపై సేవను సాక్ష్యమును కలిపి మాటలాడునప్పుడు మరియొక సంగతి దాటిపోరాదు. భిలాయి మధ్యప్రదేశ్‌లో ఉన్న దినములలో, 1968లో, బలవంతము, ప్రలోభము, మోసములచేత మతము మార్పించుటను నిషేధించు శాసనము వచ్చెను. రాయపూరు పాదిరి స్టెయిన్‌స్లాస్ పేరుతో ప్రసిద్ధికెక్కిన వ్యాజ్యెములో 1977లో సుప్రీంకోర్టు, తన మతమును తెలియజెప్పు హక్కు గలదే గాని ఇతరుని మతము మార్చు హక్కు లేదని తీర్పిచ్చెను. ఈ తీర్పును గూర్చి క్రైస్తవులు నేటికిని వాదించుచున్నారు, కారణములు లేకపోలేదు. అయినను ప్రలోభము అనుమాట న్యాయస్థానమునకంటె ముందుగా మనస్సాక్షియొద్ద విచారింపబడవలెను. ఎరగా చూపిన గంజి, గంజి త్రాగువానిని చేపగా ఎంచును. అది ప్రేమ కాదు. హృదయమును మార్చుట పరిశుద్ధాత్మ పనియని ఒప్పుకొన్నవానికి ఎరతో నిమిత్తమేమి?

ఇక కొందరు భయముచేతనో మర్యాదచేతనో సేవచేసి పెదవి విప్పరు. ఇదియు పూర్తిగా నిజాయితీ కాదు. తాను ఏల వచ్చెనో దాచువాడు, ఆ మేలంతయు తన మంచితనమేయని పొరుగువాడు తలచునట్లు చేయును. పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో అడుగువానికి సాత్వికముతో సమాధానము చెప్ప సిద్ధముగా నుండుమని బోధించెను. అడుగబడవలెనన్న, మొదట పొరుగువాని యింట అడుగు పెట్టియుండవలెను గదా.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నిండ సంతోషమే, వ్రాసినదో బంధకములలో. 2వ అధ్యాయములో తన్ను తాను పానార్పణముతో పోల్చుకొని, పోయబడినను ఆనందింతుననెను. బలిమీద పోసిన ద్రాక్షారసమును మరల పాత్రలోనికి ఎత్తుకొనువాడు లేడు. భిలాయి పనివారికి ఇందులోని మర్మము వేగముగా బోధపడును. కరగిన ఇనుమును దినమునకు పలుమారులు కొలిమినుండి వెలికి పారింతురు. లోపలనే నిలువనిచ్చినచో అది గడ్డకట్టి కొలిమికే చేటు తెచ్చును.

రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్ర మానుకొని, సెక్టారు తొమ్మిది ఆసుపత్రిలో పొరుగువాని మంచమువద్ద కూర్చుండు పనివానికి ఆ ఉదయమున ఆనందము తోచకపోవచ్చును. కన్నులు మండుచుండును. అతడు రోగికి నీరు త్రాగించి, దుప్పటి సరిచేసి, వాని భార్య వచ్చువరకు కనిపెట్టుకొనియుండును. మూడవ దినమున రోగి కన్నులెత్తి, నీవేల వచ్చుచున్నావని అడుగును. ప్రత్యుత్తరము హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో చెప్పవలెను. అతనికి కంఠస్థమైన కీర్తనలన్నియు తెలుగువే. అతడు తడబడుచు, మాటలు వెదకుకొనుచు, చెప్ప మొదలుపెట్టును.