ఉస్తి పొదలో కందిరీగ

హవాయి దీవుల్లో రోడ్ల పక్కన, బీళ్లలో ఉస్తి చెట్లు ముళ్లతో పొదలా పెరుగుతాయి. చిత్తూరు వైపు పులుసులో వేసుకునే ఉస్తికాయే అది. హవాయిలో అది కలుపు మొక్క. ఒక ఈగకు మాత్రం సత్రం.

ఆ ఈగ పేరు బాక్ట్రోసెరా లాటిఫ్రాన్స్. పుట్టిల్లు ఆసియా. హవాయిలో 1983లో, ఆఫ్రికాలోని టాంజానియాలో 2006లో బయటపడింది. మిరప, వంకాయ, టమాటా, కామంచి, ఉస్తి... దానికి ఇష్టమైనవి చాలావరకు ఒకే కుటుంబం మొక్కలు. కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు గుజ్జు తిని మట్టిలోకి దిగి ప్యూపాలవుతాయి. చేలో మందు కొట్టినా, గట్టు మీది అడవి మొక్కలో దాని సంతతి సాగుతూనే ఉంటుంది.

దానికీ ఒక శత్రువుంది. ఫోపియస్ అరిసానస్ అనే చిన్న కందిరీగ.

దీన్ని 1940ల చివర హవాయికి తెచ్చింది ఈ ఈగ కోసం కాదు, మామిడినీ జామనూ పాడుచేసే ఓరియంటల్ పండు ఈగ కోసం. ఈ కందిరీగ తన గుడ్డును ఏకంగా ఈగ గుడ్డులోనే పెడుతుంది. ఈగ పిల్ల బయటికొచ్చి, తిని, బలిసేదాకా లోపలున్న కందిరీగ పిల్ల దాన్ని చంపదు. ప్యూపా దశలో తినేసి, ఈగకు బదులు తానే బయటికొస్తుంది. ఆ ఓపిక చూస్తే కాస్త భయం కూడా వేస్తుంది!

అయితే ఓరియంటల్ ఈగపై చూపిన ప్రతాపం ఉస్తికాయల్లోని ఈగపై అంతగా కనబడదు. అసలు ఎంత కనబడుతుందో తేల్చుకోవడానికి పరిశోధకులు అడవి కాయలు కోసుకొచ్చి పెట్టెల్లో ఉంచుతారు. వాటిలోంచి ఎన్ని ఈగలొచ్చాయో, ఎన్ని కందిరీగలొచ్చాయో లెక్కపెడతారు.