దయ్యం చెప్పిన సాక్ష్యం

మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు, ఒకప్పుడు తాను పాలించిన సీమను ఆఖరుసారి చూసిపోదామని వచ్చాడు. ఆయన గుర్తుగా సర్కారు అక్కడ బావి తవ్వించి, చెట్లు నాటించింది. జనం మాత్రం కథలు దాచుకున్నారు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు కూడా పెట్టుకున్నారు.

ఒక కథ మంత్రాలయానిది. మఠం మాన్యం సర్కారుకు చెందాలా వద్దా అన్నది తేల్చడానికి మన్రో వెళ్లాడట. టోపీ, చెప్పులు తీసి బృందావనం ముందు నిలబడితే, 1671లో సజీవసమాధి అయిన రాఘవేంద్రస్వామి ఎదుటికొచ్చి మాట్లాడారట. వెంట ఉన్నవాళ్లకు స్వామి కనిపించలేదు, మాటా వినిపించలేదు. విచారణ మఠం వైపు తేలింది. మరో కథ కడప జిల్లా గండిది. పాపఘ్ని మీద కొండకూ కొండకూ మధ్య కట్టిన బంగారు తోరణం దొరకు కనబడిందట. అది కనబడినవాళ్లకు ఆయుష్షు దగ్గరపడినట్టేనట. అందుకే పత్తికొండ చావుకు కలరాతో పాటు తోరణం కూడా కారణమైంది.

బెన్ ఆరోనోవిచ్ రాసిన ‘రివర్స్ ఆఫ్ లండన్’ (2011) చదివే సీమవాసికి ఈ కథల వాసన తగలకపోదు. పీటర్ గ్రాంట్ మామూలు కానిస్టేబుల్. కోవెంట్ గార్డెన్‌లో హత్య జరిగిన చోట రాత్రి కాపలా కాస్తుంటే ఒకడు వచ్చి, హత్య చూశానంటాడు. వాడు ఎప్పుడో చచ్చిపోయినవాడు! ఆ దయ్యం మాటే గ్రాంట్‌ను మాంత్రిక పోలీసు విభాగానికి చేరుస్తుంది. అక్కడ థేమ్స్ నది నైజీరియా నుంచి వచ్చిన ఒక అమ్మ. ఉపనదులు ఆమె కూతుళ్లు. 2020లో తుంగభద్ర పుష్కరాలు జరుపుకున్న కర్నూలు జిల్లా పాఠకుడికి నది అమ్మవారవడం వింత కాదు. ఆ అమ్మను పోలీసు గౌరవంగా ప్రశ్నలడగడమే కొత్త.

మరి ఆ పాఠకుడు దీన్ని నమ్ముతున్నాడా? నమ్మకపోతే ఆ ఒళ్లు జలదరింపు ఎక్కడిది?

రసం గురించి ఆలోచించిన శంకుకుడు ఈ చిక్కును వెయ్యేళ్ల కిందటే పట్టుకున్నాడు. బొమ్మలో గుర్రాన్ని చూసేవాడు అది నిజం గుర్రమని అనుకోడు, అబద్ధమనీ తోసెయ్యడు, గుర్రమేమోనని సందేహపడడు, గుర్రంలాంటిదని పోల్చుకోడు. గుర్రం అంటాడంతే. నటుడిలో రాముణ్ని చూసే ప్రేక్షకుడిదీ అదే స్థితి. దీనికే చిత్రతురగ న్యాయమని పేరు. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. విస్మయానికి ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు. పొద్దున యముడికి భయపడే మనిషే సాయంత్రం ‘యమగోల’ (1977) చూసి కడుపుబ్బ నవ్వగలడు. అందులో భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

అయితే బొమ్మగుర్రం ఊళ్లోకి వచ్చి తొక్కితే? యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల ‘తులసిదళం’ చదివి రాత్రిళ్లు దీపం ఆర్పడానికి జంకినవాళ్లున్నారు. రంగనాయకమ్మ ఆ నవలను తీవ్రంగా దుయ్యబట్టారు. ఆ కోపానికి బలమైన ఆధారమే ఉంది: చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు పల్లెల్లో నిజంగా జరిగాయి. కానీ దానికి మందు కథలో మంత్రం లేకుండా చెయ్యడం కాదు. గ్రాంట్‌ను చూడండి. మంత్రం వేసినప్పుడు సెల్‌ఫోన్‌లో చిప్ ఎందుకు పొడి అయిపోతోందో పరీక్షలు చేస్తాడు. దయ్యం చెప్పిందని ఎవరి చేతికీ బేడీలు వెయ్యడు. ఆ మాట పట్టుకుని వేరే ఆధారం కోసం తిరుగుతాడు. మంత్రాలు నిజంగా పనిచేసే ఆ లండన్‌లో మంత్రగాడికి సైతం విచారణ దొరుకుతుంది. మంత్రాలు లేని మన ఊళ్లలో, బిడ్డకు జ్వరమొచ్చిన ఇంటి పక్కన ఉండే ముసలమ్మకు అది దొరకడం లేదు.