అతుకు, మాటు, స్వస్థత

వేదపఠనము: 2 దినవృత్తాంతములు 24:4–22, యెషయా 41:5–7, యిర్మీయా 8:11, 22

సముద్రతీరపు పట్టణములలో పాత కారునకు తుప్పు పట్టుట వింత కాదు. ఉప్పుగాలి, వానకాలపు బురద, తలుపుల అడుగున నిలిచిన నీరు, ఇవి మూడును కూడినచో రేకు ఎంతకాలము నిలుచును? పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారై, 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు కారును తలంచుకొనవచ్చును. లారీకి ఉన్నట్లు దానికి వేరుగా ఛాసిస్ లేదు. అడుగురేకు, తలుపుల క్రింద పొడవునా సాగు పెట్టెవంటి దూలము, ప్రక్కరేకులు, ఇవన్నియు ఏకమై బరువును మోయును. కనుక ఆ దూలమునకు తుప్పు పట్టినయెడల చెడునది బండి అందము మాత్రమే కాదు. ఇంటికి పునాది కదలినట్లే.

అట్టి బండిని కొన్న యజమానుడు ఒకనాడు కాళ్లక్రింది పట్టాను ఎత్తి చూచును. నల్లని తారుపూత క్రింద రేకుమీద రేకు, దానిమీద మరియొక రేకు. అంచుల వెంట బొట్లు బొట్లుగా వెల్డింగు. స్క్రూడ్రైవరుతో నొక్కగానే అది లోనికి దిగిపోవును. వెనుకటి యజమానుడు డబ్బు చెల్లించెను, పనివాడు పని చేసెను, బండి నడిచెను. అయినను అక్కడ బాగుచేయబడినది ఏదియు లేదు. ఆ రేకుపైనున్న సీటులోనే పిల్లలు కూర్చుండి బడికి పోవుచున్నారు.

ఇది ఎట్లు జరిగెను? వెల్డింగు అనగా ఇనుమును ఇనుముతో కరగించి కలుపుట. అందుకు సుమారు 1,500 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి కావలెను. తుప్పు ఇనుము కాదు. ప్రాణవాయువును నీటిని కలుపుకొని ఇనుము మారిపోయిన పొడి అది. మంట తగులగానే దానిలోని తేమ ఆవిరియై, కరిగిన లోహములో బుడగలు పుట్టించును. చుట్టునున్న రేకు ఇదివరకే పలుచనైనందున కాగితమువలె కాలి, రంధ్రము పెద్దదగును. మత్తయి 6:19లో తుప్పు అని తెలుగుచేయబడిన గ్రీకు పదమునకు అసలు అర్థము తినుట. రేకును చూచినవారికి ఆ పదము యొక్క ఔచిత్యము తెలియును. ఇంకను రంధ్రము పడునను భయముచేత పనివాడు వేడిమి తగ్గించును. అప్పుడు కరిగిన లోహము రేకులోనికి దిగక, తామరాకుమీది నీటిబొట్టువలె పైననే నిలుచును. గ్రైండరుతో చదును చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసినయెడల ఎవరికిని తెలియదు. దూలములోని నీరు కారిపోవుటకు విడిచిన రంధ్రములను సైతము మాటు మూసివేసినచో, లోపల చిక్కుకొన్న చెమ్మ తన పనిని మునుపటికంటె వేగముగా సాగించును.

సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరముల కొకసారి పొడిగించుకొనవలెను. ఇట్టి మాట్లలో కొన్ని ఆ తనిఖీదినము గడచుటకే వేయబడును.

యెషయా 41వ అధ్యాయములో, భయపడిన జనములు విగ్రహమును చేసికొను దృశ్యమున్నది. కంసాలి, సుత్తెతో నునుపుచేయువాడు, దాగలిమీద కొట్టువాడు ఒకరినొకరు ప్రోత్సహించుకొందురు. అతుకును చూచి మంచిదని తీర్పు చెప్పుదురు. చెప్పిన వెంటనే అది కదలకుండునట్లు మేకులు బిగింతురు. ప్రవక్త వ్యంగ్యమంతయు ఆ మేకులలో నున్నది. అతుకు నిజముగా మంచిదైనచో మేకులెందుకు? అతుకునకు హెబ్రీలో దెవెక్ అని పేరు. ఆదికాండము 2:24లో పురుషుడు తన భార్యను హత్తుకొనుటను, ద్వితీయోపదేశకాండము 10:20లో ఇశ్రాయేలు తన దేవుని హత్తుకొనుటను తెలుపు క్రియ ఆ ధాతువునకు చెందినదే. కొలిమిలోని మాటయు, వివాహములోని మాటయు, నిబంధనలోని మాటయు ఒక్క కుటుంబమువే. అనువాదములలో ఈ బంధుత్వము మరుగుపడుట విచారకరమే గాని, ఒక్క తెలుగు పదముతో మూడు చోట్లను నింపుట సులభము కాదు.

గృహములలోను సంఘములలోను ఇట్టి మేకులు కొట్టిన అతుకులు కొల్లలు. అన్నదమ్ముల నడుమ పొలము పంపకములో అన్యాయము జరిగినది. పెద్దలు కూర్చుండి, చేతులు కలిపించి, ప్రార్థించి, భోజనము పెట్టి పంపుదురు. తీసికొనబడిన అరెకరము మాట ఎవరును ఎత్తరు. సంఘపు లెక్కలలో తేడా వచ్చినది. క్రొత్త కోశాధికారిని ఎన్నుకొందురు, పాత పుస్తకమును తెరవరు. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొనువారు తమ పిల్లల పెండ్లిండ్లను కులమును బట్టి నిర్ణయింతురు. దానినిగూర్చి ప్రసంగపీఠము మౌనము వహించును. యిర్మీయా 8:11 గద్దించుచున్న పెద్దలు గాయమును ముట్టనివారు కారు. పైపైన ముట్టి సమాధానమని ప్రకటించినవారు. అదే అధ్యాయపు తుదిని, 22వ వచనములో, తన ప్రజలకు స్వస్థత ఏల కలుగలేదని ప్రవక్త అంగలార్చును. ఆ స్వస్థతకు హెబ్రీలో అరూకా అని పేరు, గాయము లోపలినుండి పూడి మానుట.

ఆ పదమే 2 దినవృత్తాంతములు 24:13లో ఊహింపని చోట వచ్చును. అతల్యా కుమారులు పాడుచేసిన మందిరమును బాగుచేయుటకు కాసెపనివారును వడ్రంగులును, ఇనుపపని ఇత్తడిపని చేయువారును కుదుర్చబడిరి. వారి చేతిలో పని సాగుటను చెప్పుచు గ్రంథకర్త, పనికి స్వస్థత కలిగెనను భావము వచ్చునట్లు వ్రాసెను. రాళ్లకును ఇనుమునకును వైద్యుని భాష! అంతకుముందు, యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరము వరకు యాజకులు ఆ శిథిలములను బాగుచేయలేదని 2 రాజులు 12:6 తెలుపుచున్నది. పని మొదలైన పిమ్మట మాత్రము, పని చేయించువారు నమ్మకస్థులైనందున, వారిని లెక్క అడుగవలసిన అవసరము లేకపోయెను (12:15).

మంచి పనివాడు పాత మాటును చూచి మొదట దానిని కోయును. మెరయు ఇనుము కనబడు వరకు కోయును. రంధ్రము అరచేయియంత అనుకొన్నది మూరెడగును. యజమానుడు అనుమానపడును, ఇతడు ఖర్చు పెంచుటకే కోయుచున్నాడని గొణుగును. రాగిపాత్రకు కళాయి వేయువాడును ఇట్లే చేయును: చిలుము వదలు వరకు తోమి, వేడిచేసి, నవాసారము చల్లిన తరువాతనే తగరము పూయును. అయితే కోతకు ముందు చేయవలసినది ఒకటి గలదు. బండి అడుగున ఆనికలు పెట్టక దూలమును కోసినయెడల శరీరమంతయు క్రుంగి, తలుపులు మరల మూతపడవు. ఒక ప్రక్క ముగించిన తరువాతనే రెండవ ప్రక్కను ముట్టవలెను. సత్యము పేరిట కుటుంబములను ఒక్క దినములోనే నిలువునా కోసివేయు ఉపదేశకులు ఈ విషయమును షెడ్డులో నేర్చుకొనదగును. ఇక అతుకవలసిన రేకు వెలుపలినుండి రావలెను. తుప్పు తినినది తనంతట తాను మందముగా పెరుగదు. క్రీస్తునందు దేవుడు చేసినదియు అట్టిదే. చెడినచోటును కప్పిపుచ్చుటకు ఆయన రాలేదు, అది వెలుగులోనికి తేబడిన పిమ్మట తన్నుతాను దానికి ఇచ్చెను.

కాలము పట్టును. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య చర్చలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించుటకు 28 సంవత్సరములు పట్టెను. వాటిలో ముందు నిలిచిన దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసెను. బిషప్పుల పదవినిగూర్చిన భేదములను కప్పివైచి త్వరపడియుండినచో, ఆయన కన్నులయెదుట ఏదో ఒక ఐక్యత ఏర్పడియుండెడిదేమో. ఆయన అట్టిదానిని కోరలేదు.

యోవాషు కథ మరమ్మతుతో ముగియలేదు. యెహోయాదా యాజకుడు మరణించిన పిమ్మట రాజు అధిపతుల మాట విని, తాను బాగుచేయించిన మందిరమునే విడిచిపెట్టెను. యెహోయాదా కుమారుడైన జెకర్యా ప్రజలయెదుట నిలిచి ఆ తప్పును బయటపెట్టగా, రాజాజ్ఞచొప్పున అతనిని రాళ్లతో కొట్టి చంపిరి. అది జరిగిన స్థలము ఆ మందిరపు ఆవరణమే.