అడుగున దొరికిన కాగితం

మనిషి పుట్టాడనడానికి ఎదురుగా నిలబడ్డ మనిషి చాలడు, కాగితం కావాలి. బతికున్నాడనడానికీ అంతే. పింఛను తీసుకునేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా? ఏడాదికోసారి ‘నేనింకా ఉన్నాను’ అని లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకుంటాం గదా! మనిషికి కాగితం సాక్షా, కాగితానికి మనిషి సాక్షా అన్న ధర్మసందేహం ఈమధ్య పాత కాగితాలు సర్దుతుంటే నాకు పట్టుకుంది.

ట్రంకుపెట్టెలో ఏముంటాయో మీకు తెలియనిది కాదు. టి.సి.లు, మార్కుల లిస్టులు, ప్రొవిజినల్, గొట్టంలో చుట్టిన పట్టా, గుండుసూది తుప్పు మరకలు. వీటన్నిటికీ తోడు కట్టలకొద్దీ ట్రూ కాపీలు. జిరాక్సు లేని రోజుల్లో వాటిని టైపు చేయించుకుని గెజిటెడ్ ఆఫీసరుగారి అరుగు మీద కూచునేవాళ్లం. ఆయన పూజ అయి, కాఫీ అయి, బయటికొచ్చి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేవారు. అదే చేత్తో నా నడవడి మంచిదని కూడా ఒకాయన రాసిచ్చారు. ఆయన నన్ను చూడటం అదే మొదలు. ‘నాకు తెలిసినంతవరకు’ అని ఒక ముక్క చేర్చారు లెండి, ఆ ముక్క మటుకు అక్షరాలా నిజం! ఇప్పుడు చాలాచోట్ల ఎవరి కాపీ మీద వాళ్లే సంతకం చేసుకుంటే చాలునంటున్నారు. నా మంచితనానికి నేనే పూచీ అన్నమాట.

పుట్టినతేదీ సంగతి ఇంతకంటే విచిత్రం. నేను పుట్టింది 1953 కార్తీకమాసంలో. బళ్లో వేసేనాటికి అయిదేళ్లు నిండలేదని పంతులుగారు జులై ఒకటో తేదీ వేసేశారు. మా ఈడువాళ్లలో జులై ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కపెడితే ఆ రోజు మంత్రసానులకి ఊపిరాడి ఉండదు. ఆ తేదీయే సర్వీసు రిజిస్టరుకెక్కింది. ఒకసారి ఎక్కాక మార్చుకోవడానికి వీల్లేదు, రాష్ట్రంలో 1984లో దానికి నిబంధనలే వచ్చాయి. అప్పటి లెక్కన 58 ఏళ్లు నిండాయని 2011 జూన్ 30న నన్ను ఇంటికి పంపించారు. ఉద్యోగం చేసింది, ఇంక్రిమెంట్లు తీసుకున్నది, రిటైరైంది అంతా ఆ జులైలో పుట్టినాయనే. కార్తీకంలో పుట్టినవాడికి మా అమ్మ ఏటా పాయసం మాత్రం పెట్టింది. ఇద్దర్లో నేనెవర్నని అడిగితే ఆఫీసుది ఒక జవాబు, వంటింటిది ఒక జవాబు.

నా పట్టా ఇచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. దాని పుట్టుకకి మాత్రం ఇలాంటి పేచీ లేదు. ఆ పట్టాని ఉద్యోగంలో చేరినప్పుడు చూపించాను, ప్రమోషనుకి చూపించాను. ఇంక దాన్ని ఎవరూ అడగరు. అవసరం తీరింది కాబట్టి పారెయ్యొచ్చు అంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. అన్నం పెట్టిన కాగితమే, అయితే ఆ అన్నం తినడం కూడా అయిపోయింది.

పెట్టె అడుగున, పట్టుగుడ్డ ముక్కలో చుట్టి, ఇంకోటి దొరికింది. మా అమ్మ ఇ.ఎస్.ఎల్.సి. 1946 నాటిది, మద్రాసు రాజధాని రోజులది. ఎనిమిదో తరగతి చివర ఆ పబ్లిక్ పరీక్ష ప్యాసై, ఆపైన ట్రైనింగు అయితే పల్లెటూరి బళ్లో పంతులమ్మ ఉద్యోగం దొరికేది. అమ్మకి ఆ ఏడే పెళ్లయింది. దాన్ని ఏ ఆఫీసులోనూ చూపించలేదు. దానికి ట్రూ కాపీ లేదు, ఆకుపచ్చ సిరా అంటలేదు. పాల లెక్క, చాకలి పద్దు, వీధిలో ఆడవాళ్లకి రాసిపెట్టిన ఉత్తరాలు, ఇవే ఆ చదువుకి దొరికిన ఉద్యోగాలు.

అవసరం తీరాక పారెయ్యొచ్చన్న సూత్రం ఇక్కడ నాకు అడ్డం తిరిగింది. అసలు వాడుకోని కాగితానికి అవసరం తీరడమేమిటి? ఆవిడ దాన్ని ఆశతో దాచుకుందో, గర్వంతో దాచుకుందో, పట్టుగుడ్డతోపాటు ఊరికే అక్కడ ఉండిపోయిందో నాకు తెలియదు. ఆవిడ లేదు కదా అని పక్కన కూచుని నేనొక విషాదగాథ అల్లడం న్యాయం కాదు. ఒకటి మాత్రం కళ్లకి కనిపిస్తోంది. రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో, ఆఖరికి మరణ ధ్రువపత్రంలో కూడా అమ్మ ఫలానావారి భార్యే, ఇంటిపేరు మాదే. ఈ ఒక్క కాగితంలో ఆవిడకి పుట్టింటి ఇంటిపేరుంది, పక్కన తండ్రి పేరుంది. ఇది చినిగితే ఆ పేరుగల పిల్ల ఈ భూమ్మీద తిరిగిందనడానికి ఇంకో కాగితం లేదు. నాది పోతే యూనివర్సిటీకి రుసుము కట్టి ఇంకోటి తెచ్చుకోవచ్చు. దీనికి ఆ దారీ లేదు.

మా అమ్మాయి దీన్నీ తన ఫోనుతో ఫొటో తీసింది. “ఇంక ఎక్కడికీ పోదు నాన్నా, అసలుది పారేసినా పర్వాలేదు” అంది. దాని లెక్కా తప్పు కాదు. 2015లో డిజిలాకర్ వచ్చాక వాళ్ల చదువులన్నీ అందులోనే ఉంటున్నాయి, చెదలకి భయం లేదు. తీసిన ఫొటోని పెద్దది చేసి చూస్తూ, “మామ్మ ఇంటిపేరు ఇదా?” అంది.

కాసేపాగి కొత్త కవరొకటి తెచ్చి, పైన మామ్మ పేరు ఆ ఇంటిపేరుతోనే పూర్తిగా రాసింది. తప్పు పడకుండా నన్ను రెండుసార్లు అడిగింది.