నకారం రాలిన నారింజ



నారింజ తొక్కలో గోరు దించగానే సన్నటి తుంపర చిమ్ముతుంది. వాసన ముందు ముక్కుకు తగులుతుంది, పులుపు తర్వాత నాలుకకు తెలుస్తుంది. ఆ పండు రంగును ఇంగ్లీషులో ఆరెంజ్ అంటాం. ఆ మాట మనకు పరాయిదేమీ కాదు.

సంస్కృతంలో ఈ పండు పేరు నారంగం. అది ద్రావిడ భాషల నుంచే అక్కడికి చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం. పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహ. ఇటలీ, ఫ్రాన్సు దారిలో మొదటి నకారం రాలిపోయింది. వాళ్ల భాషల్లో 'ఒక' అనే మాట చివర కూడా నకారమే ఉంది. రెండూ కలిసి ఒకటిగా వినబడ్డాయి. మిగిలింది ఆరెంజ్.

ఇంగ్లీషుకు ముందు పండు వచ్చింది, రంగు పేరు ఆ తర్వాత 16వ శతాబ్దం ఆరంభంలో వచ్చింది. అంతకుముందు ఆ రంగును పసుపెరుపు అనేవారు, లేదంటే ఎరుపులోనే కలిపేసేవారు. రాబిన్ పిట్ట రొమ్ము ఆరెంజే అయినా, దాన్ని నేటికీ రెడ్‌బ్రెస్ట్ అనే పిలుస్తారు.

పేరు లేనంత మాత్రాన ఆ రంగు పొద్దున్నే తూర్పున పూయడం మానలేదు. మన చుట్టూ పేరు పెట్టని మంచి ఇంకెంతో ఉంది. ఈ రోజు అందులో ఒక్కదాన్నయినా ఆగి చూద్దాం.